ఒక్కో తీరానిది ఒక్కో తీరు

* ఇచ్ఛాపురం నుంచి పెంటకోట వరకు భిన్న స్వభావాల సాగరతీరం
* అన్నింటికీ ఒకే మూసలో అభివృద్ధి ప్రణాళికలు
* నదుల మొగల వద్ద పొంచి ఉన్న ముప్పు
* కోత, తాబేళ్లు, చేపల రేవులపై చర్చ కరవు

శ్రీకాకుళం: కార్తిక మాసం వచ్చిందంటే ఉత్తరాంధ్ర పల్లెలన్నీ సముద్రం వైపు కదులుతాయి. ఆటోలు, ట్రాక్టర్లు, బస్సులు జనంతో కిక్కిరిసి బారువ, కళింగపట్నం, కోనాడ, భీమిలి, రేవుపోలవరం దారి పడతాయి. పుణ్యస్నానం, సరుగుడు తోటలో వనభోజనం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. తరతరాలుగా సాగుతున్న ఆచారమిది. ఇటీవలి సంవత్సరాల్లో దీనికి ఆదివారపు విహారం తోడయింది. కళాశాల విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారు ద్విచక్ర వాహనాలపై కొత్త తీరాలను వెతుక్కుంటూ వెళుతున్నారు. జనం పెరిగారు. తీరాన్ని గురించిన ఎరుక మాత్రం ఆ మేరకు పెరగలేదు. ఫలితంగా ఏటా ఏదో ఒక ఒడ్డున కన్నీటి కథ పునరావృతమవుతోంది.

సముద్రం అంతటా ఒకటే కదా అనుకోవడంలోనే పొరపాటు ఉంది. నీరు ఒకటే కావచ్చు, ఒడ్డు ఒకటి కాదు. నది కలిసే చోట ఒడ్డు ఒక రకం, కొండ దిగే చోట మరో రకం, ఇసుక దిబ్బల వెంట ఇంకో రకం, ఓడరేవు గోడల పక్కన వేరొక రకం. ఎక్కడ స్నానం చేయవచ్చు, ఎక్కడ చేయకూడదు, ఎక్కడ గదులు కట్టవచ్చు, ఎక్కడ ఇటుక కూడా పెట్టకూడదు అన్నవి ఆ ఒడ్డు స్వభావమే నిర్ణయించాలి. కానీ పర్యాటక ప్రణాళికల్లో కనిపించేది ఒకటే జాబితా: సిమెంటు బెంచీలు, విద్యుద్దీపాలు, స్వాగత ద్వారం, అతిథి గృహం.

350 కిలోమీటర్ల వైవిధ్యం

ఆంధ్రప్రదేశ్‌కు 974 కిలోమీటర్ల సముద్రతీరం ఉందని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. వంపులను, పాయలను మరింత సూక్ష్మంగా లెక్కించిన ఇటీవలి కొలతల్లో అది 1,053 కిలోమీటర్లకు చేరింది. పాత లెక్కల ప్రకారమే చూసినా శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్లు, ఉమ్మడి విశాఖపట్నం జిల్లాకు 132 కిలోమీటర్ల తీరం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన అనంతరం విశాఖ తీరంలోని దక్షిణ భాగం అనకాపల్లి జిల్లాకు దక్కింది. మొత్తం మీద ఒడిశా సరిహద్దు నుంచి తాండవ నది మొగ వరకు దాదాపు 350 కిలోమీటర్లు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో తీరం చదునుగా, బురద నేలలతో, మడ అడవులతో ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరం అలా కాదు. ఇక్కడ తూర్పు కనుమలు సముద్రానికి చేరువగా వస్తాయి. విశాఖ వద్దనైతే కొండ నేరుగా కెరటాల్లోకి దిగుతుంది. ఆ కొండల్లో పుట్టిన చిన్న నదులు పొడవు తక్కువగా, వడి ఎక్కువగా ప్రవహించి సముద్రంలో కలుస్తాయి. ఉత్తరం నుంచి వరుసగా బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని, శారద, వరాహ, తాండవ. ఈ నదులు తెచ్చే ఇసుకే ఇక్కడి తీరాలకు ఆధారం. నది ఎండితే తీరం చిక్కుతుంది. నదికి వరద వస్తే మొగ రూపు మారుతుంది. ఈ సూత్రాన్ని మరిచినచోటే ప్రమాదాలూ, కోతలూ సంభవిస్తున్నాయి.

ఉద్దానం ఒడ్డు: తోటలే తీరానికి కోట

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల తీరం పేరుకు సముద్రతీరమైనా చూపుకు తోటల సీమ. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో నడుస్తుండగానే అకస్మాత్తుగా కెరటాల హోరు వినిపిస్తుంది. కవిటి ప్రాంతాన్ని ఉత్తరాంధ్ర కోనసీమ అని పిలుచుకోవడం అందుకే. ఇక్కడి ఒడ్డున ఎత్తయిన ఇసుక దిబ్బలు, వాటిపై సరుగుడు, మొగలి పొదలు ఉంటాయి. పెనుగాలినీ, పొంగివచ్చే నీటినీ మొదట ఎదుర్కొనేవి ఈ దిబ్బలే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు-పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు లక్షలాది కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయాయి. దశాబ్దాల పాటు పెంచుకున్న తోట ఒక్క రాత్రిలో నేలమట్టమైతే రైతు మళ్లీ ఫలసాయం చూడటానికి ఏళ్లు పడుతుంది. అయితే తోటలు పడిపోయినా దిబ్బలు నిలిచిన చోట వెనుకనున్న ఊళ్లలోకి ఉప్పునీరు రాలేదని స్థానికులు చెబుతుంటారు. ఇసుక కోసమో, రహదారి కోసమో దిబ్బను తొలగించే ముందు ఈ మాటను ఒకసారి తలచుకోవలసి ఉంది.

సోంపేట మండలంలోని బారువ ఒకప్పుడు ఓడలు నిలిచిన రేవు. మహేంద్రతనయ ఇక్కడే కడలిలో కలుస్తుంది. దీపస్తంభం, కోటిలింగేశ్వరాలయం, విశాలమైన ఇసుక మేట కలిసి దీనిని జిల్లాలో పేరెన్నికగన్న తీరంగా నిలిపాయి. దీనికి కొద్ది దూరంలోనే బీల ప్రాంతం ఉంది. వానాకాలమంతా నీరు నిలిచి, వేసవిలోనూ తడి ఆరని ఈ పల్లపు నేలలు రైతులకు సాగునీటిని, మత్స్యకారులకు చేపలను, పశువులకు మేతను ఇస్తున్నాయి. ఇక్కడ థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం వద్దంటూ సాగిన ఉద్యమం 2010 జులై 14న పోలీసు కాల్పులకు దారి తీసి ప్రాణాలను బలిగొంది. ఆ కేంద్రం అక్కడ రాలేదు, బీల మిగిలింది. తీరం అంటే కెరటం తాకే ఇసుక మాత్రమే కాదనీ, దాని వెనుకనున్న తడి నేల కూడా తీరంలో భాగమేననీ ఈ జిల్లా అంత మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠమది.

ఉప్పు మళ్లు, పక్షులు, ఓడరేవు

టెక్కలి, సంతబొమ్మాళి మండలాలకు వచ్చేసరికి తీరం మళ్లీ మారుతుంది. నౌపడ పరిసరాల్లో ఉప్పు మళ్లు అద్దాల్లా మెరుస్తుంటాయి. ఎండ, గాలి, సముద్రపు నీరు ఈ మూడే ఇక్కడి పెట్టుబడి. సమీపంలోని తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్లపై గూళ్లు కట్టి, ఈ ఉప్పుటేరుల్లోనే ఆహారం వెతుక్కుంటాయి. పక్షుల రాకను ఊరివారు శుభసూచకంగా భావించి కంటికి రెప్పలా కాపాడుతున్నారు. విహారానికి వచ్చేవారు భావనపాడు ఒడ్డును చూసి వెనుదిరుగుతారు గానీ, ఈ తడి నేలలే ఇక్కడి అసలు సంపద.

ఇదే ప్రాంతంలో మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌ 19న శంకుస్థాపన జరిగింది. వెనుకబడిన జిల్లాకు ఉపాధి వస్తుందన్న ఆశ న్యాయమైనదే. అయితే ఓడరేవుకు అలల తాకిడి తగలకుండా సముద్రంలోకి కట్టే రాతి గోడలు తీరంపై చూపే ప్రభావం కూడా అంతే వాస్తవం. దాని సంగతి విశాఖ అనుభవం చెబుతుంది.

కళింగపట్నం: రెండు ముఖాల తీరం

శ్రీకాకుళానికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని కళింగపట్నం జిల్లా ప్రజలకు పుట్టింటి వంటిది. వంశధార సాగర సంగమం, ప్రాచీన రేవు చరిత్ర, దీపస్తంభం, చేరువలోనే శాలిహుండం బౌద్ధ స్తూపాలు, శ్రీకూర్మం ఆలయం. ఒక్క రోజులో ఇన్ని చూడగల తీరం రాష్ట్రంలో అరుదు.

అయితే కళింగపట్నానికి రెండు ముఖాలున్నాయి. వేసవి సాయంత్రం చూస్తే విశాలమైన ఇసుక మైదానం. వరద తగ్గిన వెంటనే చూస్తే తెగిన ఒడ్డు, కొత్తగా ఏర్పడిన పాయ. ఒడిశా కొండల్లో కుండపోత కురిస్తే వంశధార ఉగ్రరూపం దాలుస్తుంది. మొగకు అడ్డంగా పేరుకున్న ఇసుక మేటను నది తనకు తోచిన చోట తెంచుకుని పోతుంది. నిన్న మోకాలి లోతు ఉన్నచోట నేడు నిలువెత్తు మడుగు ఉంటుంది. నీటి రంగు చూసి లోతు పోల్చుకోవడం ఊరివారికి సాధ్యం, బయటినుంచి వచ్చినవారికి అసాధ్యం.

ఇక్కడే ఒక విచిత్రమైన కాలవైరుధ్యం గమనించదగింది. జూన్‌ నుంచి అక్టోబరు వరకు నదులకు వరదలు. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. సరిగ్గా ఆ వెంటనే కార్తిక స్నానాలు. అంటే మొగలు అత్యధికంగా రూపు మారిన రోజుల్లోనే, గత సంవత్సరపు గుర్తులను నమ్ముకుని, వేలాది మంది నీటిలో దిగుతున్నారన్నమాట. నాగావళి కలిసే కళ్లేపల్లి, చంపావతి కలిసే కోనాడ, తాండవ కలిసే పెంటకోట... అన్నిచోట్లా ఇదే పరిస్థితి. స్నానఘట్టాన్ని ఏటా కొత్తగా కొలిచి, గుర్తులు పాతి నిర్ణయించాలే తప్ప, పోయినేడు ఇక్కడే చేశారన్నది భద్రతకు ప్రమాణం కాజాలదు.

గార మండలం వత్సవలస పరిసరాల్లోని ఇసుకలో గార్నెట్‌, ఇల్మనైట్‌ వంటి భారఖనిజాలు ఉన్నాయి. ఇసుక అక్కడక్కడ నల్లగా, ఎర్రగా మెరవడానికి కారణం అదే. ఈ ఖనిజాల తవ్వకాలు చాలాకాలం వివాదాస్పదమయ్యాయి. దిబ్బలను తవ్వి ఖనిజం తీసుకుని మిగిలిన ఇసుకను తిరిగి పోసినా, వందల ఏళ్లపాటు గాలి పేర్చిన దిబ్బ బలం తిరిగి రాదన్నది తీరవాసుల ఆందోళన.

చేప ఉన్నా రేవు లేదు

అంత పొడవైన తీరం ఉన్న జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస పోతుండటం బయటివారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. కారణం తీరం స్వభావంలోనే ఉంది. ఇక్కడ కెరటం నేరుగా ఒడ్డును కొడుతుంది. మర పడవలు నిలవడానికి సహజమైన ఆటుపట్టు లేదు. తెప్పను, ఫైబర్‌ నావను ఇసుకపైకి లాగగలరు గానీ పెద్ద పడవను లాగలేరు. రేవు లేక పెద్ద పడవలు లేవు, పెద్ద పడవలు లేక పని కోసం వలస. 2018 నవంబరులో వేరావల్‌ నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్‌ చెరలో చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలై ఇళ్లకు చేరారు. వారి ఉదంతం 2025లో ‘తండేల్‌’ చిత్రానికి ఇతివృత్తమైంది. సినిమా చూసి కంటతడి పెట్టినవారు చాలామంది. ఆ వలసకు మూలకారణం రేవు లేకపోవడమేనని గుర్తించినవారు కొద్దిమంది.

తీరం అభివృద్ధి అనగానే విశ్రాంతి గృహాల సంఖ్యను చెప్పే నివేదికలు, చేపల రేవు ఎక్కడ, వలలు ఆరబెట్టే స్థలం ఎక్కడ అన్న ప్రశ్నకు కూడా అదే పుటలో సమాధానం ఇవ్వాలి. ఎందుకంటే రెండింటికీ కావలసింది ఒకే జానెడు ఇసుక. విహారస్థలంగా ప్రకటించిన కొద్ది రోజులకే నావలు లాగే చోట కుర్చీలు వెలిస్తే ఘర్షణ తప్పదు.

చింతపల్లి నుంచి భీమిలి వరకు

విజయనగరం జిల్లా తీరం పొట్టిదే అయినా ప్రత్యేకతలకు కొదవలేదు. పూసపాటిరేగ మండలం చింతపల్లి వద్ద సముద్రంలో దాగిన రాళ్లు ఒకనాడు నావికులకు దుస్స్వప్నం. వాటి నుంచి ఓడలను హెచ్చరించేందుకే ఇక్కడ దీపస్తంభం నిర్మించారు. పైకి కనిపించని రాళ్లు ఓడలకే కాదు, ఈతగాళ్లకూ ప్రమాదకరమే. భోగాపురం మండలం ముక్కాం వంటి మత్స్యకార గ్రామాల్లో సముద్రం ఏటా ముందుకు వస్తోందన్న ఆందోళన ఉంది. కొత్త విమానాశ్రయంతో ఈ ప్రాంతపు భూమి విలువ అమాంతం పెరిగింది. విశాఖ నుంచి భోగాపురానికి తీరం వెంట విశాల రహదారి ప్రతిపాదన కూడా ఉంది. రహదారి ఎంత ఒడ్డుకు జరిగితే అంతగా దిబ్బలు నలిగిపోతాయి.

గోస్తని సంగమం వద్ద భీమిలి నెమ్మదైన పాత పట్టణం. 17వ శతాబ్దిలో డచ్చివారు ఇక్కడ వర్తకం సాగించారు. వారి సమాధులు నేటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘంగా ఏర్పడిన ఘనత భీమిలిది. పక్కనే పావురాళ్లకొండపై బౌద్ధ అవశేషాలు. పిల్లలతో వచ్చే కుటుంబాలు ఇష్టపడే తీరం ఇది. అయినా గోస్తని మొగ వైపు వెళ్లరాదన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

భీమిలి, విశాఖల నడుమ ఎర్రమట్టి దిబ్బలు ప్రకృతి రాసిన చరిత్ర గ్రంథం. మంచుయుగాల్లో సముద్రమట్టం పడిపోయి అడుగు బయటపడగా, గాలి ఆ ఇసుకను లోపలికి తెచ్చి గుట్టలుగా పోసింది. కాలక్రమంలో ఇసుక రేణువులపై ఇనుప ఆక్సైడు పొర పట్టి ఎర్రబారింది. వాన నీరు లోతైన వాగులుగా కోసింది. ఇటువంటి తీరపు ఎర్ర ఇసుక గుట్టలు దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంకల్లో తప్ప మరెక్కడా లేవు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని జాతీయ భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది. వేల సంవత్సరాల నిర్మాణమిది. ఒక యంత్రం ఒక పూటలో దీనిని చదును చేయగలదు. చుట్టూ స్థిరాస్తి వ్యాపారం విస్తరిస్తున్న తరుణంలో సరిహద్దులు స్పష్టంగా గుర్తించి కాపాడటం తక్షణావసరం.

రుషికొండ నేర్పిన పాఠం

రాష్ట్రంలో బ్లూ ఫ్లాగ్‌ గుర్తింపు పొందిన తీరం రుషికొండ ఒక్కటే. డెన్మార్క్‌ కేంద్రంగా పనిచేసే సంస్థ నీటి స్వచ్ఛత, భద్రత, పరిశుభ్రత, పర్యావరణ అవగాహన వంటి 33 ప్రమాణాలను పరిశీలించి ఈ పతాకాన్ని ఇస్తుంది. 2020లో దేశంలో తొలివిడతగా ఎంపికైన ఎనిమిది తీరాల్లో రుషికొండ ఉంది. అర్ధచంద్రాకారపు వంపు, ఒడ్డు వెంటే కొండ, ఇంకిపోయే మెత్తని ఇసుక దీనికి సహజాభరణాలు.

అయితే 2025 ఆరంభంలో నిర్వహణ లోపాల కారణంగా ఈ పతాకాన్ని తాత్కాలికంగా దించవలసి వచ్చింది. వీధికుక్కల సంచారం, చెత్త, పనిచేయని నిఘా కెమెరాలు వంటివి ఫిర్యాదులకు కారణమయ్యాయి. అధికార యంత్రాంగం హడావుడిగా లోపాలను సరిదిద్దడంతో అదే ఏడాది గుర్తింపు తిరిగి దక్కింది. పేరు తెచ్చుకోవడం కన్నా నిలబెట్టుకోవడం కష్టమని ఈ ఉదంతం చాటింది. వారాల వ్యవధిలో సరిచేయగలిగిన లోపాలు అంతవరకు ఎందుకు పేరుకున్నాయన్న ప్రశ్న మిగిలే ఉంది. పతాకం ఉన్న ఒక్క తీరానికే ఈ శ్రద్ధ పరిమితం కావడం మరో ప్రశ్న. మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, గజ ఈతగాడు ఈ మూడూ బారువకు వచ్చే పల్లె మహిళకూ అవసరమే కదా.

విశాఖ చెప్పే ఇసుక లెక్క

విశాఖ రామకృష్ణా బీచ్‌కు వచ్చే పర్యాటకులు 2002 నుంచి కొలువుదీరిన కురుసుర జలాంతర్గామి మ్యూజియాన్ని, 2017లో వచ్చిన టీయూ-142 యుద్ధవిమాన మ్యూజియాన్ని చూసి మురిసిపోతారు. వారి కాళ్ల కింది ఇసుకలో కొంత భాగం ఓడరేవు నుంచి తెచ్చి పోసినదని చాలామందికి తెలియదు.

తూర్పు తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. నైరుతి గాలుల కాలంలో ఏటవాలుగా వచ్చే కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడతాయి. చలికాలంలో కొంతమేర తిరిగి దక్షిణానికి తెస్తాయి. రెండింటి తేడా ఉత్తరం వైపే మొగ్గుతుంది. ఒక విధంగా చెప్పాలంటే తీరం వెంట కంటికి కనిపించని ఇసుక నది పారుతోంది. దానికి అడ్డంగా రాతి గోడ కడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు ఆకలితో అలమటిస్తుంది. 1970 దశకంలో విశాఖ బాహ్య నౌకాశ్రయం గోడలు లేచాక జరిగింది ఇదే. అందుకే ఆగిపోయిన ఇసుకను యంత్రాలతో తోడి ఉత్తరాన ఉన్న బీచ్‌లో పోయవలసి వస్తోంది. పోయడం ఆలస్యమైనా, పెద్ద తుపాను వచ్చినా ఒడ్డు తెగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ విరుచుకుపడిన తరువాత, తిరిగి 2021 డిసెంబరులో నగరవాసులు ఈ కోతను కళ్లారా చూశారు.

జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి దేశ తీరంలో మూడో వంతు కోతకు గురవుతోందని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 28.7 శాతం. సహజమైన కోత కొంత, మానవ నిర్మిత కోత కొంత. విశాఖకు ధనవంతమైన ఓడరేవు ఉంది గనుక ఇసుక తోడి పోయగలుగుతోంది. మూలపేటకు ఉత్తరాన ఉన్న మత్స్యకార గ్రామాలకు ఆ ఏర్పాటు ఎవరు చేస్తారు? ఓడరేవు పనులతోపాటే ఇసుక మళ్లింపు బాధ్యతను, అందుకయ్యే వ్యయాన్ని ఒప్పంద పత్రంలో చేర్చాలి. ఒడ్డు తెగాక రాళ్లు పోయడం వల్ల సమస్య పక్క ఊరికి జరుగుతుందే తప్ప తీరదు.

యారాడ దాటితే...

డాల్ఫిన్స్‌ నోస్‌ కొండ వెనుక యారాడ తీరం అందం చెప్పనలవి కాదు. మూడు వైపులా కొండలు, ఒకవైపు కడలి. కానీ ఇక్కడ ఒడ్డు వాలు ఎక్కువ. నాలుగడుగులు వేస్తే లోతు. రాళ్ల మధ్య సుడులు. అప్పికొండ సోమేశ్వరాలయానికి మహాశివరాత్రి నాడు జనం పోటెత్తుతారు. అక్కడా ఇదే జాగ్రత్త అవసరం.

అనకాపల్లి జిల్లాలో ముత్యాలమ్మపాలెం, పూడిమడక, బంగారమ్మపాలెం, రేవుపోలవరం, పెంటకోట తీరాలున్నాయి. ఒకప్పటి నిశ్శబ్ద మత్స్యకార పల్లెల పక్కన ఇప్పుడు పరిశ్రమలు. పూడిమడక వద్ద హరిత హైడ్రోజన్‌ కేంద్రానికి, నక్కపల్లి వద్ద బల్క్‌ డ్రగ్‌ పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపనలు జరిగాయి. మందుల పరిశ్రమల వ్యర్థజలాలు సముద్రంలో కలిస్తే వేట ఏమవుతుందన్న భయంతో రాజయ్యపేట మత్స్యకారులు 2025లో ఆందోళన బాట పట్టారు. పరిశ్రమ వస్తే పొలం పోయినవారికి పరిహారం లెక్క ఉంటుంది. వేట పోయినవారికి పట్టా లేదు, సర్వే నంబరు లేదు. సముద్రంపై హక్కును ఏ కాగితం చూపి నిరూపించుకోవాలన్నదే వారి వేదన.

పూడిమడక పేరు చెప్పగానే 2022 జులై గుర్తుకొస్తుంది. పరీక్షలు రాసి సరదాగా వచ్చిన ఇంజినీరింగ్‌ విద్యార్థులు కళ్లెదుటే అలల్లో కొట్టుకుపోయారు. గాలింపునకు పడవలు, హెలికాప్టర్లు వచ్చేసరికి చేయగలిగింది మృతదేహాలను ఒడ్డుకు చేర్చడమే. నైరుతి కాలంలో ఆ తీరంలో సముద్రం ఎలా ఉంటుందో ఊరి పిల్లవాడికి తెలుసు. ఆ విద్యార్థులకు చెప్పినవారు లేరు.

కెరటం కాదు, తిరుగు నీరే మృత్యువు

తీర ప్రమాదాల్లో పెక్కింటికి కారణం పెద్ద కెరటం కాదు, వెనక్కి పోయే నీరు. కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా ఇసుక మేటల మధ్య సన్నని దారి చూసుకుని వడిగా సముద్రంలోకి మళ్లుతుంది. ఆ దారిలో కెరటాలు విరగవు, నురుగు తక్కువగా ఉంటుంది. చూసేవారికి అదే ప్రశాంతమైన చోటుగా తోస్తుంది. అక్కడే దిగుతారు. అడుగు తేలిపోయాక భయంతో ఒడ్డు వైపే ఈదుతారు. ఎదురు ప్రవాహంలో అలసి మునిగిపోతారు. తేలియాడుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ సన్నని ప్రవాహం నుంచి బయటపడవచ్చు. ఒకరిని రక్షించబోయి మరో ఇద్దరు మునిగిన ఘటనలే ఎక్కువ. తాడు, ఖాళీ డబ్బా, గాలి నింపిన ట్యూబు వంటివి విసరాలే తప్ప ఈత రానివారు నీటిలోకి దూకరాదు. ఈ నాలుగు మాటలు తెలుగులో రాసిన పలక ప్రతి తీరంలో ఉంటే ఖర్చు ఎంత? కొన్ని వేల రూపాయలు. లేకపోతే ఖర్చు ఎంతో పూడిమడక చెప్పింది.

అలలు ఉద్ధృతంగా ఉండే రోజులను హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌ ముందుగానే ప్రకటిస్తోంది. ఆ సమాచారం మత్స్యశాఖకు, మత్స్యకారుల సెల్‌ఫోన్లకు చేరుతోంది. ఒడ్డుకు వచ్చే విహారయాత్రికునికి మాత్రం చేరడం లేదు. సమాచారం ఉంది, అందించే చివరి మనిషి లేడు.

అర్ధరాత్రి అతిథులు

శీతకాలం నుంచి వేసవి ఆరంభం దాకా ఈ తీరానికి మరో అతిథులు వస్తాయి. ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి ఇసుకలో గుంత తీసి వందకు పైగా గుడ్లు పెట్టి తిరిగి వెళ్లిపోతాయి. అటవీశాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగించి పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు. గుడ్డు నుంచి వెలువడిన పిల్ల వెలుతురున్న వైపు నడుస్తుంది. చీకటి ఒడ్డున ఆ వెలుతురు సముద్రానిదే. తీరమంతా విద్యుద్దీపాలు వెలిగిస్తే పిల్ల రోడ్డు వైపు నడిచి చనిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవిని సుందరీకరణ పేరిట చంపుకోవడం సమంజసమేనా? ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజుల వేట విరామం పాటించే మత్స్యకారుడు ప్రకృతి కోసం తన ఆదాయాన్ని వదులుకుంటున్నాడు. పర్యాటక శాఖ కొన్ని దీపాలను వదులుకోలేదా?

ఏం చేయాలి?

పరిష్కారాలు అసాధ్యమైనవి కావు. భారీ నిధులు అవసరమైనవీ కావు.

* తీరాల వర్గీకరణ: స్నానయోగ్యమైనవి, చూసి ఆనందించవలసినవి, పూర్తిగా వదిలేయవలసినవిగా ప్రతి తీరాన్నీ విభజించి ఆ వివరాలను పంచాయతీ కార్యాలయాల్లో, కళాశాలల్లో ప్రదర్శించాలి.
* మత్స్యకార యువతకు బాధ్యత: గజ ఈతగాళ్లను పట్టణాల నుంచి తేవలసిన పని లేదు. ఊరి యువకులకు ప్రాణరక్షణలో శిక్షణ ఇచ్చి, కార్తికంలో, సెలవు రోజుల్లోనే కాక ఏడాది పొడవునా వేతనంతో నియమించాలి. వలసలకూ కొంత అడ్డుకట్ట పడుతుంది.
* మొగల వద్ద నిషేధం: వరదల తరువాత నదీముఖాలను కొలిచిన అనంతరమే స్నానఘట్టాలను ప్రకటించాలి.
* దిబ్బల రక్షణ: తీర నియంత్రణ మండలి 2019 నిబంధనల ప్రకారం జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల వరకు, జనసాంద్రత అధికంగా ఉన్నచోట 50 మీటర్ల వరకు నిర్మాణాలు కూడవు. ఆ గీత ఎక్కడుందో ఊరివారికి తెలిసేలా రాళ్లు పాతాలి.
* ఇసుక లెక్క: ప్రతి ఓడరేవు తనకు ఉత్తర, దక్షిణ తీరాల మార్పులను ఏటా ప్రజల ముందుంచాలి.

2008 ముంబయి దాడుల అనంతరం తీర భద్రత కోసం మెరైన్‌ పోలీసు వ్యవస్థను బలోపేతం చేశారు. బయటి శత్రువును కనిపెట్టేందుకు ఏర్పడిన ఆ వ్యవస్థ సేవలను సొంత బిడ్డలను కాపాడుకోవడానికీ మరింతగా వినియోగించుకోవచ్చు.

తీరం ఎవరి సొత్తూ కాదు. స్నానానికి వచ్చిన భక్తునిది, నావ లాగే మత్స్యకారునిది, గుడ్లు పెట్టే తాబేలుది కూడా. ఇచ్ఛాపురం నుంచి పెంటకోట వరకు ప్రకృతి ఒక్కో ఒడ్డును ఒక్కో రీతిలో తీర్చిదిద్దింది. ఆ తేడాలను తెలుసుకుని మసలుకుంటే ఈ 350 కిలోమీటర్లు ఉత్తరాంధ్రకు తరగని సంపద. రానున్న కార్తికానికైనా ప్రతి మొగ వద్ద ఒక హెచ్చరిక పలక, ఒక తాడు, ఈత తెలిసిన ఒక మనిషి ఉండాలని తీరవాసులు కోరుతున్నారు.